నరసాపురం దారిలో కుంటిన పొగపడవ

జ్వరం నుంచి తేరుకున్నాక నెల్లాళ్ళు సముద్రపు గాలి పీల్చమన్నారు వైద్యులు. బడికి సెలవు పెట్టి, మాఘమాసంలో ఒకనాడు ఉదయం ఆరు గంటలకు ధవళేశ్వరంలో నరసాపురం పొగపడవ ఎక్కాను. మంచులో ఆనకట్ట కనిపించలేదు, నీటి హోరు మాత్రం వినిపించింది. గోదావరి దాటి, విజ్జేశ్వరం లాకులోంచి కాలువలో పడేసరికి ఎనిమిదయింది. గట్టు మీది కొబ్బరిచెట్లూ, నీళ్ళలోని కొబ్బరిచెట్లూ కలిసి వెనక్కి పోతున్నాయి. ఇంజను చప్పుడు వింటూ నిద్రకీ మెలకువకీ మధ్య తేలుతున్నాను.

ఇంజను దగ్గర, నా పక్కనే గంగమ్మ అనే బెస్త ఆవిడ కూర్చుంది. నరసాపురంలో ఉన్న కూతురికి నేడో రేపో తొలి కాన్పట. దీపాలవేళకు చేరతామా అని నన్ను రెండుసార్లు అడిగింది.

పది గంటలకు పడవ మందగించింది. ఆవిరి చాలడం లేదని పడవ గుమాస్తా మరిన్ని కట్టెలు వేయించాడు. వేగం పెరగలేదు సరికదా, పడవంతా వణకసాగింది. ఇంజను నడిపే వీరాస్వామి గారు తల వంచి వింటున్నారు.

"ఓ అడుగు గట్టిగా, ఓ అడుగు మెత్తగా ఏత్తందండి. కాలు బెణికిన మనిసిలాగ," అంది గంగమ్మ.

వీరాస్వామి గారు చటుక్కున తలెత్తారు. "ఆవిరే తక్కువైతే రెండడుగులూ నీరసపడాలండి. ఒకటే నీరసపడుతోందంటే, ఆవిరిని అటూ ఇటూ పంచే కవాటం పక్కకి జరిగుంటది."

విప్పి చూడాలంటే నిప్పు తగ్గించి, ఇంజను చల్లారనివ్వాలి. గుమాస్తా ఒప్పుకోలేదు. ఇలాగే తోలితే ఏదో ఒకటి విరుగుతుందని చెప్పి, వీరాస్వామి గారు గంగమ్మ వైపు చూశారు. ఆవిడ కాసేపు నీళ్ళకేసి చూసి, "ఆపండి బాబూ. అందరం చేరాలి గదా," అంది.

దాంతో గుమాస్తా కూడా సరేనన్నాడు. పడవను గట్టున కట్టేశారు. నేను పెరుగన్నం తిని తుమ్మచెట్టు నీడన పడుకున్నాను. మూడింటికి కవాటం మీది మూత విప్పారు. కవాటపు కడ్డీ మీది మర వదులై ఉంది. వీరాస్వామి గారు గడ్డిపరకతో రెండు వైపుల సందులూ కొలిచి, సమంగా వచ్చేదాకా కవాటాన్ని జరిపి, మర బిగించారు. మళ్ళీ నిప్పు పెంచి, చీకటిపడ్డాక కదిలినప్పుడు రెండడుగులూ ఒక్కలా పడ్డాయి. గంగమ్మ కళ్ళు మూసుకుని వింది.

మర్నాడు తెల్లవారుతుండగా నరసాపురం రేవు చేరాం. అల్లుడు ఎదురొచ్చాడు. రాత్రే ఆడపిల్ల పుట్టిందట, ఇద్దరూ కులాసాయేనట. గంగమ్మ బుట్ట మరిచి పరుగెత్తింది. దాన్ని నేనే అల్లుడికి అందించాను.

నెల తరవాత అదే పడవలో తిరిగొస్తుంటే వీరాస్వామి గారు నన్ను గుర్తుపట్టారు. "ఆ తల్లి వేళకి చేరిందాండీ?" అని అడిగారు.

జరిగింది చెప్పాను. చేతిలోని మసిగుడ్డ పక్కన పెట్టి, "పిల్ల కులాసాయే కదండీ," అని మళ్ళీ అడిగి పనిలోకి వంగారు.

సముద్రపు గాలితో ఒళ్ళు బాగుపడింది. ఆ దారిన వెళ్ళేవారు ఇంజను దగ్గరే కూర్చోండి. సెగ ఎక్కువే, కాని అక్కడి మనిషి మంచివాడు.