సమ్మంది వాకిట ఆగే బస్సు

ఆడవాళ్లకు టౌన్ బస్సులో ఉచితమన్న మరుసటి ఏడు సంగతి. విరుదునగర్ జిల్లా సరిహద్దు పల్లె నుంచి నాగలాపురం మీదుగా కోవిల్‌పట్టి పోయే బస్సుకు నేను కండక్టర్ని. ఉదయం ట్రిప్పులో ఆ పల్లె నుంచి ఎక్కేది హైస్కూలుకు పోయే నలుగురు ఆడపిల్లలే. మిగతా ఆడవాళ్లంతా డబ్బిచ్చి, షేర్ ఆటోలో ఒకరి ఒళ్లో ఒకరు కూర్చుని, రేగడి బాటన చుట్టు తిరిగి పోయేవాళ్లు. ఊరికే వచ్చే బస్సును వదిలి! నాకు ఒళ్లు మండేది.

ట్రిప్ షీట్ అంటే ఎక్కడ ఎందరెక్కారో రాసే కాగితం. అది చూసి డిపో అధికారి తేల్చేశాడు: నెలలోగా బస్సు నిండకపోతే ఉదయం ట్రిప్పు రద్దు. అంటే ఆ నలుగురి చదువు కూడా రద్దే. పైగా నాకొక ఫారం ఇచ్చాడు. జనం ఆటో ఎందుకు ఎక్కుతున్నారు? గడులు మూడే: ఖర్చు, సమయం, సౌకర్యం. నేను ఐదో తరగతితో బడి మానేసి, పొట్లాల కాగితాలు చదివి అక్షరం నిలబెట్టుకుని, ప్రైవేటుగా పది గట్టెక్కి ఈ ఉద్యోగంలో చేరినవాణ్ణి. ఆ పెద్ద చదువుల ఫారం మీద నాకు అప్పుడే అనుమానం.

ఆటో కోసం నిలబడ్డ రంగమ్మవ్వను నిలదీశాను.

"ఏమవ్వా, నా బస్సు కంపు కొడతాదా?"

"కంపు కాదప్పా. పక్కూర్లో నీ బస్సు యాడ నిలస్తాది?"

"స్టాపులో."

"ఆ స్టాపు ఎవురి వాకిలి? మా సమ్మందిది! నా బిడ్డనిచ్చిన ఇల్లు. ఆయమ్మ తిన్నె మింద కూకోని కిటికీ కిటికీ చూస్తాది. దిగకుంటే ‘మా ఇంటి కాపీ నీకు చేదా’ అని ఆర్నెల్లు మాట్లాడదు. దిగితే కాపీతో వదలదు, అన్నం దాకా పోతాది. నీ బస్సు అంతసేపు నిలస్తాదా?"

"కొంగు కప్పుకోని కూకో."

"పోయిన తూరి సీటు కింద దాక్కుంటి. నడుము పట్టుకుండె. సమ్మందే వొచ్చి లేపె!"

ఆ పల్లెలో సగం ఇళ్లకు పక్కూరితోనే వియ్యం.

ఫారంలో నేనే నాలుగో గడి గీసి ‘కాఫీ’ అని రాశాను. అధికారి ఎగిరిపడ్డాడు. "ఏందయ్యా ఇది?"

"సార్, మీ బస్సు రోజూ మీ అత్తగారి వాకిట ఆగితే ఎక్కుతారా?"

ఆయన నాలుగో గడి కింద సంతకం పెట్టాడు. వారంలో స్టాపు ఊరి చివర రైస్ మిల్లు దగ్గరికి మారింది. ఆ సోమవారమే బస్సు నిండింది.

మర్నాడు మిల్లు ముందు కాఫీ చెంబుతో రంగమ్మవ్వ సమ్మంది!

"ఏమప్పా కండక్టరూ, నా వాకిట్లో బస్సును ఎత్తుకపోతివే! మా సమ్మంది లోపల ఉండాదా?"

అవ్వ అప్పటికే సీటు కిందికి సగం వంగింది.

"దిగొద్దులే వదినా. కిటికీలోనే తాగు!"

అది మొదలు రోజూ అక్కడ రెండు నిమిషాలు ఆలస్యం. నాకూ ఒక గ్లాసు. ట్రిప్పు రద్దు కాలేదు, పిల్లలు నలుగురూ పన్నెండో తరగతి దాటారు.

ఎందులో పోతావని అడిగేముందు, ఎవరి వాకిలి తప్పించుకోవాలో అడగాలి. ఇది ఏ ఫారంలోనూ ఉండదు. నా కూతుర్ని శివకాశి బస్సు ఆగే తిరుత్తంగల్‌లో ఇచ్చాను. శివకాశికి నేను ఆటోలో, చుట్టు తిరిగే పోతాను.