సమ్మయ్య లేసులు కట్టిన ఉస్తాద్

జనగామలో మా ఇంటి ముందు తెల్లవారుజామున పరుగెత్తే కుర్రాళ్ల బూట్ల చప్పుడుకు నాకు మెలకువ వస్తుంది. వెంటనే అసూయ కలుగుతుంది. వారి వయసు మీద కాదు. వారిని అదిలించే మనిషి ఒకడు వెంట ఉన్నందుకు.

పాలకుర్తిలో మమ్మల్ని అలా అదిలించినవాడు యాకూబ్ ఉస్తాద్. సైన్యంలో హవల్దారుగా చేసి వచ్చి, సైకిళ్లు బాగుచేసుకుంటూ, ఉదయాలు మాకు పరుగు నేర్పేవాడు. డిగ్రీలు చదివి ఖాళీగా ఉన్నవాళ్లం చాలామందిమి. దేశభక్తి గురించి ఆయన ఎన్నడూ అడగలేదు, "ఇంట్ల పొయ్యి మండుతుందా?" అని మాత్రం అడిగేవాడు. అందరిలో ఆయన కళ్లు వెతికేది మాతోపాటు పరుగెత్తే సమ్మయ్యను. వంగి వాడి బూట్ల లేసులు తానే బిగించేవాడు. నేనూ లేసులు వదులుగా ఉంచుకొని ఎదురుగా నిలబడేవాణ్ణి.

"కట్టుకో రా, చేతులు లేవా?" అనేవాడు.

మహబూబాబాద్‌లో సైన్యపు భర్తీకి వెళ్లినప్పుడు మా ఇద్దరికీ బరువు కాస్త తక్కువే. "ముందు ఉరుకుడు. ఉరికినంక అరటిపండ్లు తినుండ్రి, గప్పుడు కాంటా ఎక్కుండ్రి" అని చెప్పి ఉస్తాద్ పండ్ల సంచి సమ్మయ్య చేతికిచ్చాడు. అది నేను ఓర్వలేకపోయాను. బయట వేరే పండ్లు కొని పరుగుకు ముందే తినేశాను. మైదానం మలుపులో అంతా కక్కుకున్నాను. సమ్మయ్య ఎంపికయ్యాడు.

తిరుగు దారిలో టీ కొట్టు యజమాని, "పోరగాళ్లందరినీ జబర్దస్తీగ ఫౌజుల వెయ్యాలె ఉస్తాద్, బుద్ధొస్తది" అన్నాడు.

ఉస్తాద్ నవ్వాడు. "భర్తీ కాడ గేటు ఇరగ్గొట్టుకొని లోపలికి ఉరుకుతున్నరు, ఇంక జబర్దస్తీ ఎవల మీద? అందరికి నౌకర్లు ఇయ్యి. గప్పుడు ఎంతమంది వస్తరో చూద్దాం."

ఆ మాట నా మీదే రుజువైంది. మళ్లీ భర్తీ పడేలోపు భూపాలపల్లిలో ఒక కాంట్రాక్టరు దగ్గర లెక్కలు రాసే పని దొరికింది. ఉస్తాద్ కబురు పంపినా ఈసారి భర్తీకి వెళ్లలేదు. తరువాత ఎదురుపడితే తల దించుకున్నాను.

"ఎందుకు రా పరేషాన్? నేను గూడ గప్పుడు పని దొరక్కనే ఫౌజుల పోయిన" అన్నాడు.

"మరి సమ్మయ్య?"

"మొన్న సెలవుల వచ్చినప్పుడు అడిగిన. పని దొరికినా పోయేటోణ్ణే అన్నడు" అన్నాడు ఉస్తాద్, సొంత కొడుకు సంగతి చెప్పినంత మెల్లగా.

ఆయన పోయి చాలా కాలమైంది. యువకులందరికీ సైనిక సేవ తప్పనిసరి చేయాలా అని టీవీలో వాదించుకుంటుంటే, పని దొరికితే ఎవరూ పోరన్న ఉస్తాద్ లెక్కే సరైనదని నాకు తెలుసు. దానికి రుజువు నేనే. ఆ లెక్కకు లొంగనివాడు సమ్మయ్య ఒక్కడే. జీతం, ఇల్లు, నిద్ర అన్నీ అమరిన ఈ వయసులో కూడా వాణ్ణి నేను క్షమించలేదు.