ఇంజను పగలగొట్టిన రోజు

రెండో ప్రపంచ యుద్ధం ముగిసినాక రేణిగుంట దగ్గర మిలిటరీ సామాన్ల డిపోలో దుబాసీగా చేరినాను. డిపో మీదుండే ఇంగ్లీషు దొర చెప్పింది కూలోళ్ళకు తెలుగులోనూ అరవంలోనూ చెప్పడం నా పని.

డిపోలో శానా మటుకు అమెరికావాళ్ళ సామాను. యుద్ధంలో వాడుకోమని ఇంగ్లీషువాళ్ళకు ఇచ్చినారు. జీపులు, వైర్‌లెస్ పెట్టెలు, కరెంటు పుట్టించే ఇంజన్లు. అమెరికావాళ్ళు ఒప్పుకోకుండా వాటిని ఇంకొకరి చేతికి ఇయ్యకూడదని రెండు సర్కార్లకూ ఒప్పందం. వెనక్కి మోసుకుపోవడం దండగనుకున్నారేమో, అన్నీ పగలగొట్టమని పైనుంచి ఉత్తరువు వచ్చింది.

పని మొదలైన పొద్దున నగరి పక్కనుంచి ఒక నర్సమ్మ వచ్చింది. మిషన్ ఆసుపత్రిలో పనిచేసే పెద్దామె. రైలు దిగి ఎండలో నడిచొచ్చి మొగం కందిపోయి ఉండాది.

"నాయనా, మా ఆసుపత్రిలో కిరసనాయిలు దీపాలు పెట్టుకోని కాన్పులు చేస్తా ఉండాము. ఒక్క ఇంజను ఇమ్మని దొరను అడుగు" అనింది.

అడిగినాను. దొర చెడ్డవాడు కాదు. టోపీ తీసి చేతిలో తిప్పుకుంటా, "మా సొత్తయితే ఇప్పుడే బండికెక్కించేవాణ్ణి. మేము మాటిచ్చి తెచ్చుకున్నది. ఒకసారి చెయ్యి దాటితే యాడికి పోతుందోనని వాళ్ళ భయం. తుపాకీకైనా ఇంజనుకైనా అదే షరతు" అన్నాడు. ఆ మాటలే తెలుగులో ఆమెకు చెప్పినాను.

"తుపాకీ, దీపం రెండూ ఒకటేనా నాయనా?"

అదీ ఇంగ్లీషులో చెప్పినాను. దొర టోపీ పెట్టుకోని, పని కానిమ్మని నాకు సైగ చేసినాడు.

నర్సమ్మ ఎక్కాల్సిన రైలు సాయంత్రానికి గానీ లేదు. షెడ్డు నీడన కూర్చుంది. కూలోళ్ళు సమ్మెటలు పట్టుకోని ఇంజను చుట్టూ నిలబడినారు గానీ, ఎవరూ ఎత్తలేదు.

"కొత్తది సామీ. నిజంగానే కొట్టమంటావా?" అని ఒకాయన నన్నడిగినాడు.

"కొట్టండి" అన్నాను. అది దొర మాటే, కానీ ఆమె చెవిన పడింది నా గొంతు. నాకు ఆ పక్క చూడబుద్ధి కాలేదు.

నాలుగు దెబ్బలు పడినాయో లేదో, ఇనుప పెచ్చొకటి ఎగిరొచ్చి నన్నడిగిన ఆయన అరచేయి చీరేసింది. నెత్తురు చూసి అందరం కేకలు పెడతా ఉంటే నర్సమ్మ లేచి వచ్చింది. సంచిలోంచి గుడ్డ తీసి బిగించి కట్టింది.

"కుట్లు పడాల. తిరుపతి ఆసుపత్రికి పంపమని దొరతో చెప్పు" అనింది.

చెప్పిందే ఆలస్యం, దొర జీపు తెప్పించినాడు. దెబ్బ తగిలినాయన చెయ్యి ఎత్తి పట్టుకోని ఆమె కూడా ఎక్కింది. మా మీద కోపంగా ఒక్క మాట అనలేదు. అనింటే బాగుండును. ఆ జీపు తిరిగొచ్చినాక మర్నాడు దాన్నీ పగలగొట్టించినాము. అప్పుడూ చెప్పింది నేనే.

గాయం మానినాక ఆ కూలాయన పనిలోకి వచ్చినాడు.

"ఆయమ్మ జీపులో పోతా దావలో నీ గురించే మాట్లాడింది సామీ. 'ఆ అబ్బోడు శానా కుమిలిపోతా ఉండాడు, వాడి తప్పేం లేదని చెప్పు' అనింది."

ఆ ఓదార్పు నాకు తిట్టుకన్నా ఎక్కువగా తగిలింది. ఆయన మొగం చూడలేక, పనుందని చెప్పి షెడ్డు వెనక్కి పోయి నిలబడినాను.