సిస్టరమ్మ అద్దె మేడ

ఉద్యోగంలో చేరినప్పటి నుంచి రిటైరయ్యే దాకా సిస్టరమ్మవి రాత్రి డ్యూటీలే. మొదట్లో తానే అడిగి వేయించుకుంది, తర్వాత అడక్కుండానే వేశారు. రోగులూ, తోటి నర్సులూ, వార్డు ఊడ్చే మనిషీ అందరూ ఆమెను సిస్టరమ్మ అనే పిలిచేవారు. లోకమంతా పనులకు బయల్దేరే వేళకు ఆమె ఆస్పత్రి వెనక సందులోని ఒంటిగదికి చేరేది. కిటికీకి మందపాటి దుప్పటి కట్టి, చెవుల్లో దూది పెట్టుకుని పడుకునేది. ఎండంటే ఆమెకు ఆ దుప్పటి అంచున కనిపించే సన్నని గీత, అంతే.

పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "నేను మేలుకుని ఉండే వేళకు మగాళ్లంతా నిద్రపోతుంటారు" అని నవ్వేసేది.

నిద్ర పట్టేదాకా కళ్లు మూసుకుని ఒక ఇల్లు కట్టుకునేది. వెడల్పాటి మెట్లు, ఎత్తయిన కప్పు, అడుగుల చప్పుడు ఆలస్యంగా తిరిగొచ్చేంత పెద్ద హాలు. ఒకరోజు గోడలు లేత పసుపు, మరోరోజు మేఘాల రంగు. ఏ గదిలోకో నడుస్తూ ఉండగానే నిద్ర ముంచుకొచ్చేది. అందుకే ఆ ఇల్లు ఎప్పుడూ పూర్తి కాలేదు.

రిటైరయ్యాక ఒక సాయంత్రం చెల్లెలింటికి వెళ్లి కూర్చుని, "ముగ్గురం కలిసి ఊరి చివర ఒక పెద్ద మేడ అద్దెకు తీసుకుందామే" అంది.

చెల్లెలు దర్జీ. ఆమె కుట్టు మిషను వంటింట్లో పొయ్యి పక్కన ఉండేది. చెల్లెలి భర్త సిటీ బస్సులో కండక్టరుగా చేసి ఈమధ్యనే దిగాడు. ఆయన టీ గ్లాసు కింద పెట్టి, "వదినగారూ, నిద్ర చాలినట్టు లేదు. ఇంకాసేపు పడుకుని లేవండి" అన్నాడు.

"కొనమన్నానా ఏమిటి? అద్దెకేగా. ఇన్నాళ్లూ అందరం మడతపెట్టిన బట్టల్లా బతికాం. కొన్నాళ్లు కాళ్లు చాపుకుందాం."

చెల్లెలు మెడలోని టేపు తీసి చేతికి చుట్టుకుంటూ ఆలోచించింది. "నా మిషను కిటికీ దగ్గర పడుతుందంటే నాకు సరే అక్కా" అంది.

ఊరి చివర ఖరీదైన ఇళ్లు చూపించే బ్రోకరు ముగ్గురినీ ఎగాదిగా చూశాడు. "ఎవరి తరఫున చూస్తున్నారండీ?"

"మా తరఫునే" అంది సిస్టరమ్మ.

అతను కారు తలుపు తీశాడు గానీ మొహంలో అనుమానం పోలేదు. మొదటి ఇంటి ముందు స్తంభాలు చూస్తే మెడ నొప్పి పుట్టింది. లోపల భోజనాల గదికి ఒక్క కిటికీ లేదు. రెండోదాంట్లో నేలా గోడలూ తళతళలాడిపోతున్నాయి. సిస్టరమ్మ గుమ్మంలోనే ఆగి, "ఇది ఆపరేషన్ థియేటర్‌లా ఉంది బాబూ, నాకు గ్లౌజులు తొడుక్కోవాలనిపిస్తోంది" అంది. మూడోదాంట్లో స్నానాలగది చూసి మరిది తెగ మురిసిపోయాడు. నీళ్ల తొట్టిలోకి బూట్లతోనే దిగి కూర్చుని, "ఇందులో ఇద్దరు నిలబడి ప్రయాణం చెయ్యొచ్చు" అన్నాడు. అయినా అదీ కుదరలేదు. పక్కింటి గోడ అన్ని కిటికీలనూ మూసేసింది.

"ఇంకొకటుంది" అన్నాడు బ్రోకరు కాస్త విసుగ్గా. "ఓనరమ్మకు ఎవరూ నచ్చరు. చూసొద్దాం రండి."

ఆ ఇల్లు వీధి చివర, చెట్ల వెనక ఉంది. తలుపు తీయగానే పొడవాటి ఖాళీ హాలు. ఒక పక్కంతా అద్దాలు. చెక్క నేల మీద ఎండ ఆ చివరి దాకా పరుచుకుని ఉంది. బయట కొమ్మలు కదిలినప్పుడల్లా నేల నీళ్లలా కదిలింది. బ్రోకరు ఫోను మోగితే గేటు దగ్గరికి వెళ్లాడు. చెల్లెలూ మరిదీ గదులు చూడ్డానికి మేడెక్కారు. సిస్టరమ్మ చెప్పులు విడిచి ఎండలో నాలుగడుగులు వేసింది. పాదాలకు నేల వెచ్చగా తగిలింది. కూర్చుంది. తర్వాత చేతిసంచి తలకింద పెట్టుకుని ఒరిగింది. పైనుంచి చెల్లెలి గొంతు ఎక్కడో దూరంగా, నీటి అడుగు నుంచి వచ్చినట్టు వినబడింది. ఆ తర్వాత ఏమీ వినబడలేదు.

కళ్లు తెరిచేసరికి ఎండ నేల మీంచి గోడ మీదికి చేరింది. మెట్ల మీద ఎవరో కూర్చుని ఉన్నారు. జుట్టు కురచగా కత్తిరించుకున్న ఒక పెద్దావిడ. ఆమె వెనక చెల్లెలూ మరిదీ తప్పు చేసినవాళ్లలా నిలబడ్డారు. గుమ్మంలో బ్రోకరు మొహం మాడిపోయి ఉంది.

"లేపొద్దని నేనే చెప్పాను. ఈ ఇల్లు నాది" అంది పెద్దావిడ.

సిస్టరమ్మ లేచి చీర సర్దుకుంది. "క్షమించండి. ఎండలో నిద్రపోవడం అలవాటు లేదు. ఎలా పట్టేసిందో ఏమో."

"ఇల్లు చూడటానికి వచ్చినవాళ్లంతా నన్ను ధర అడిగారు, పెయింటు అడిగారు. పడుకున్నవాళ్లు మాత్రం లేరు." ఓనరమ్మ కాసేపు అద్దాలవైపు చూసింది. "మా ఆయన ఎంతో ఇష్టపడి కట్టించాడు. ఆయన పోయాక ఒక్కదాన్నే ఉండలేకపోయాను. ఒక స్పూను కింద పడితే ఇల్లంతా మోగేది. ఫ్లాటులోకి మారిపోయాను. మీరు ఎంతమంది?"

"నేను, మా చెల్లి, మా మరిది. ఒక కుట్టు మిషను."

"మిషనా?"

బ్రోకరు మధ్యలో కలగజేసుకుని ఈ కాలనీలో దుకాణం బోర్డులు పెట్టనివ్వరన్నాడు. "బోర్డెందుకండీ, నా దగ్గర కుట్టించుకునేవాళ్లకు నా గొంతు చాలు" అంది చెల్లెలు. ఓనరమ్మకు నవ్వాగలేదు. "అద్దె మీరు ఇవ్వగలిగినంతే ఇవ్వండి" అని తాళంచెవులు బ్రోకరుకు కాకుండా సిస్టరమ్మ చేతికే ఇచ్చింది.

సామాను తెచ్చి పెడితే అంత హాల్లో ఒక మూలకు సరిపోయింది. మరిది కొన్నాళ్లు ఏ గదిలో పడుకోవాలో తేల్చుకోలేక దిండు చంకలో పెట్టుకుని తిరిగాడు. మిషను పై గదిలో కిటికీ దగ్గర పెట్టారు. సిస్టరమ్మకు మాత్రం ఒళ్లు మాట వినలేదు. పగలు తూగేది, చీకటి పడితే వార్డులో ఉన్నట్టు చెవులు రిక్కించేది. ఒకరోజు లేచి చూస్తే కిటికీలో అప్పుడే తెల్లవారుతోంది. తాను రాత్రంతా నిద్రపోయిందని అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. ఎవరినీ లేపకుండా మెట్లు దిగి, చెట్ల మధ్య నుంచి రంగు రావడం చూస్తూ కూర్చుంది.

ఓనరమ్మ మొదట కుళాయి మరమ్మతు వంకతో వచ్చింది. తర్వాత జాకెట్టు కొలతలివ్వడానికి. తర్వాత వంక కూడా వెతుక్కోలేదు. పై గదిలో మిషను దడదడలాడుతుంటే, కింద మరిది ఎప్పటిదో బస్సు గొడవ చెబుతుంటే, ఆమె ఊరికే గోడకు ఆనుకుని వినేది.

ఒక మధ్యాహ్నం టీ తాగుతూ, కప్పులోకే చూస్తూ అడిగింది. "పైన ఆ చివరి గది ఖాళీయేగా. నాకు అద్దెకిస్తారా?"

మరిదికి పొలమారింది. "మీ ఇంట్లో మీకే అద్దెకా అమ్మా?"

"అద్దె లేకుండా ఎవరుంచుకుంటారు?"

సిస్టరమ్మ చెల్లెలి వైపు చూసింది. చెల్లెలు సూదిలో దారం ఎక్కిస్తూ తల ఊపింది.

"ఆ గదిలో మధ్యాహ్నం ఎండ దంచేస్తుంది. కర్టెన్లు కుట్టేదాకా ఓర్చుకోవాలి" అంది సిస్టరమ్మ.

ఆ వారమే ఓనరమ్మ ఒక పెట్టె, రెండు పూలకుండీలతో దిగింది. మరిది పెట్టె భుజానికెత్తుకుని మెట్లెక్కుతూ, "జరగండి, జరగండి, లోపలికి జరగండి" అంటూ దారి చేసుకున్నాడు. ఆమె కుండీలు రెండు చేతుల్లో పట్టుకుని, తాను ఒకప్పుడు వదిలి వెళ్లిన ఆ మెట్ల మీద, కొత్తచోటికి వచ్చినదానిలా అటూ ఇటూ చూసుకుంటూ నెమ్మదిగా ఎక్కింది.