మావాళ్ల మీద చూశారా?

మీరు మింగే మాత్రను ముందు ఎవరి మీద పరీక్షించారో ఎప్పుడైనా అడిగారా? అమెరికాలోని ఇర్వింగ్‌లో నాకు జుట్టు కత్తిరించిన నల్లజాతి పెద్దాయన అడిగేవాడు. లింఫోమా అనే క్యాన్సర్ వచ్చాక ఏ మందిచ్చినా ఆయనది ఒకే ప్రశ్న: “మావాళ్ల మీద చూశారా?” “చాలా తక్కువమంది మీద,” అని డాక్టరు ఒప్పుకున్నాక, కొత్త మందును మనుషుల మీద పరీక్షించే ట్రయల్‌లో తానే చేరాడు.

షాపులో ఆయన పాత స్నేహితుడు మండిపడ్డాడు. “ఈ దేశపు డాక్టర్లు మన తాతల మీద చెప్పాపెట్టకుండా ప్రయోగాలు చేశారు. నువ్వూ ఎలుకవయ్యావా, ముసలోడా?”

“ఎలుకల మీద అయిపోయిందిరా. మిగిలింది మనమే,” అన్నాడు, నా మెడ మీద కత్తెర ఆపకుండా. “తాతల్ని ఎవడూ అడగలేదు. నేను అన్నీ అడిగే చేరాను.”

ఆ మందు ఆయన్ని బతికించలేదు. ఇకపై ఆ ప్రశ్నకు డాక్టర్లు చెప్పే జవాబులో మాత్రం ఆయనా ఉంటాడు. మీ డాక్టరు ట్రయల్ మాటెత్తితే భయపడి లేచిరాకండి. ఆ పెద్దాయన అడిగిందే అడగండి. జవాబు చెప్పేదాకా కుర్చీ వదలకండి.