గరిటెకు కట్టిన తాళంచెవి

నీష్ నగరంలోని ఆ కాలేజీ గుమ్మం పక్కన, గాజు గదిలో పంతొమ్మిదేళ్ళుగా కూర్చుంటున్న స్టామెన్కాను దాటి లోపలికి పోవడం ఎంత పెద్ద ప్రొఫెసరుకైనా గగనమే. వచ్చినవాళ్ళ గుర్తింపు కార్డు తీసుకుని ఉంచుకోవడం, తాళాలివ్వడం ఆమె పని. బాత్రూం తాళాలూ ఆమె దగ్గరే ఉండేవి. తలుపులు తీసి ఉంచితే వీధిన పోయేవాళ్ళు లోపల తుడుచుకునే కాగితం చుట్టలు ఎత్తుకుపోతున్నారని ఆఫీసువాళ్ళు తాళం వేయించారు. ఎవరూ జేబులో వేసుకుపోకుండా ఆమె ఒక్కో తాళంచెవిని ఒక్కో చెక్క గరిటెకు కట్టింది. ఆడవాళ్ళ దానికి ఎర్ర దారం, మగవాళ్ళ దానికి నల్ల దారం. తన తెలివికి తనే మురిసిపోయేది కూడా.

మనిషి మంచిదే. పిల్లలు "పిన్నీ" అని పిలిచేవారు. పరీక్షనాడు ఏడ్చేవాళ్ళకు కాఫీ కాచి ఇచ్చేది. నోరే కాస్త పెద్దది.

ఒక గురువారం పొద్దున దున్యా వచ్చింది. మనిషికి ఏవి నిజంగా అవసరాలు, ఏవి ఉత్త కోరికలు అన్నదాని మీద పరిశోధన చేస్తున్న ఇస్క్రా టీచరు ఆమెను పిలిపించింది. ట్రాన్స్ మనుషుల గురించి వాళ్ళు లేకుండా మాట్లాడుకున్నది చాలని, మూడు గురువారాల చర్చకు వచ్చి కూర్చోమంది. దున్యా రెండు గంటలు బస్సులో వచ్చింది. కార్డు మీద ఇంకా పాత మగ పేరే ఉంది. స్టామెన్కా కార్డు చూసింది, మనిషిని చూసింది, ఆ పేరును వెనకనున్న వరసంతటికీ వినబడేలా చదివింది. ఆ పేరు నేనిక్కడ రాయను. ఒకసారి చదివిన పాపమే చాలు.

"బాత్రూం తాళం ఇస్తారాండీ?" అంది దున్యా మెల్లగా.

స్టామెన్కా రెండు గరిటెలూ చెరో చేత్తో పైకెత్తింది. "ఎర్రదా, నల్లదా? నువ్వే తేల్చుకుని చెప్పు. నాకైతే అంతుబట్టడం లేదు!"

వరసలో ఇద్దరు ముగ్గురు కిసుక్కున నవ్వారు.

"అక్కర్లేదులెండి," అని దున్యా మెట్లెక్కింది.

గంట తర్వాత స్టామెన్కా ఎప్పటిలాగే నీళ్ళ జగ్గు పట్టుకుని చర్చ జరిగే గదికి వెళ్ళింది. ఒక కుర్రాడు గట్టిగా వాదిస్తున్నాడు. "బతకడానికి కావాల్సింది అవసరమండీ. తిండి, నీళ్ళు. బాత్రూం తలుపు మీద ఏ బొమ్మ ఉందనేది కోరికే కదా?"

"నీళ్ళంటున్నావు కదా బాబూ," అంది దున్యా. "బయటికొచ్చిన రోజు నేను నీళ్ళే తాగను. తాగితే తర్వాత ఎవర్నో అడగాలి. నేనెవరో ముందు వాళ్ళకి నమ్మకం కుదరాలి. నీ దాహానికి ఎవరి సంతకమైనా కావాల్సొచ్చిందా ఎప్పుడైనా?"

స్టామెన్కా పోసిన గ్లాసు దున్యా ముందు అలాగే ఉంది. కింద జరిగిన సంగతి ఆమె ఎత్తలేదు, గుమ్మం వైపు చూడనైనా లేదు. స్టామెన్కాకు తల కొట్టేసినట్టయింది.

ఎందుకంటే ఆ దాహం ఆమెకు తెలుసు. ఇరవై ఏళ్ళ వయసులో సాక్సుల ఫ్యాక్టరీలో పనిచేసేది. నలభై మంది ఆడవాళ్ళకు బాత్రూంకి పోవడానికి ఒకే ఒక్క ఇత్తడి బిళ్ళ, అది ఫోర్‌మన్ బల్ల మీద ఉండేది, అడిగి తీసుకుంటేనే పోనిచ్చేవాడు. "మళ్ళీనా స్టామెన్కా? కడుపులో కుళాయి పెట్టించుకున్నావా?" అని వాడు అరిస్తే అందరూ నవ్వేవారు. ఆమె నీళ్ళు తాగడం మానేసింది. ముప్పై నిండకుండానే మూత్రపిండంలో రాళ్ళు, ఆపరేషను. వాణ్ణి చచ్చేదాకా క్షమించనని కనబడ్డవాళ్ళందరికీ చెప్పేది. ఇప్పుడు ఆ బిళ్ళ తన చేతిలోనే ఉంది. గరిటెకు కట్టి మరీ ఊపింది.

మధ్యాహ్నం దున్యా కార్డు కోసం దిగివచ్చింది. స్టామెన్కా ఎర్ర గరిటె ముందుకు చాపింది.

"ఇదిగోమ్మా… ఇదీ తీసుకో. పొద్దున నేను…"

"బస్సు టైమైందండి," అని దున్యా కార్డు మాత్రం తీసుకుని వెళ్ళిపోయింది.

రావడం రెండు గంటలు, ఇక్కడ మూడు, పోవడం రెండు. ఏడు గంటలంటే ఒంట్లో ఎలా ఉంటుందో స్టామెన్కాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ సాయంత్రం రెండు బాత్రూంల తాళాలూ తీసేసి, తాళంచెవులు నదిలో పారేసింది. పోయాయని ఆఫీసులో చెప్పి చీవాట్లు తింది. వారమంతా ఒక్క మాటే వల్లెవేసుకుంది: నాది తప్పు దున్యా, నన్ను క్షమించు.

తరువాతి గురువారం ఎనిమిదింటి నుంచీ గుమ్మంలోనే నిలబడింది. దున్యా రాలేదు.

"ఆవిడ ఇంటి నుంచే మాట్లాడతానంది పిన్నీ, కంప్యూటర్లో," అంది ఇస్క్రా. "ఎందుకో చెప్పలేదు."

స్టామెన్కా జగ్గు పట్టుకుని పైకి వెళ్ళింది. గోడ మీది తెరలో దున్యా వంటిల్లు కనబడుతోంది. అందరికీ నమస్కారం చెప్పి, దున్యా కుళాయి తిప్పి గ్లాసు నిండా నీళ్ళు పట్టుకుంది. మాట మొదలుపెట్టకుండానే గటగటా తాగేసింది. మళ్ళీ నింపుకుని అదీ తాగింది.

తెచ్చిన జగ్గు బల్ల మీద పెట్టడానికి స్టామెన్కాకు మొహం చెల్లలేదు. అలాగే పట్టుకుని కిందికి దిగిపోయింది.