కట్టెయ్యని కేక

నా తోటలో మిగిలిన చెట్ల మీద ఒట్టు. ఇందులో ఒక్క మాట కూడా కల్పించింది కాదు. నమ్మకపోతే మానేయండి... కానీ మధ్యలో నవ్వకండి. నవ్వేవాళ్లు మా ఊళ్లోనే కావలసినంతమంది ఉన్నారు.

నూజివీడు నుంచి విస్సన్నపేట వెళ్లే దారిలో, కాస్త లోపలికి మా పల్లె. నాకున్నది చిన్న మామిడితోట. అన్నీ చిన్నరసాలు. మా నాన్న కావిడితో నీళ్లు మోసి బతికించిన చెట్లు. కొంతకాలంగా బోరు బురద కక్కుతోంది. కొమ్మలు చివర్ల నుంచి ఎండుకొస్తున్నాయి. అలాంటప్పుడు పంచాయతీవాళ్లు వచ్చారు. మీ తోట పల్లంలో ఊటకుంట తవ్వుతాం, వాననీరు ఆగి భూమిలోకి దిగుతుంది, మీ బోరు లేస్తుంది అన్నారు. గట్టు చుట్టూ కానుగ, నేరేడు, వెదురు నాటితే ఎటో పోయిన పిట్టలు కూడా తిరిగొస్తాయన్నారు.

వాళ్ల పనులు నాకు కొత్తా? తూము లేని కాలువ చూశాను. చుక్క నీరెక్కని ట్యాంకుకు రిబ్బను కత్తిరించడం చూశాను. అయినా స్థలం ఇచ్చాను. చెట్లు చస్తుంటే ఏం చేయమంటారు? కాయ కాసే నాలుగు చెట్లను నా కళ్ల ముందే కొట్టించారు.

శ్రావణంలో పెద్ద వాన పడింది. సాయంత్రానికి కుంట గట్టు దాకా నిండింది. తెల్లారి చూస్తే... అడుగున బురద. ఇంకో వాన. మళ్లీ అంతే. ఇంజనీరును అడిగాను. "ఇంకడానికే గదండీ తవ్వింది" అన్నాడు. మరి ఇంకిన నీరు నా బోరులోకి ఎందుకు రాలేదయ్యా అంటే ఫోను చూసుకున్నాడు. టీ కొట్టు దగ్గరేమో ఒకడు, "ఏం బాబాయ్, రాత్రికి నువ్వే తాగేస్తున్నావంట గదా" అన్నాడు.

నా అనుమానమంతా కుంట తవ్విన కాంట్రాక్టరు మీద. గట్టవతల తోట అతనిదే. అందులో కొత్తగా అంటుమొక్కల నర్సరీ పెట్టాడు. రాత్రిపూట ఆయిల్ ఇంజను పెట్టి తోడేస్తున్నాడు, ఇంకేముంది! మళ్లీ కుంట నిండిన రోజున, అన్నం తిని, టార్చి, కర్ర పట్టుకెళ్లి గట్టు మీద గోనెపట్టా పరుచుకుని కూర్చున్నాను.

కప్పలు చెవులు చిల్లులు పడేలా అరుస్తున్నాయి. ఉన్నట్టుండి... ఆగిపోయాయి. అన్నీ ఒకేసారి.

అప్పుడు వినపడింది.

గుటక్...

కాసేపు ఏమీ లేదు.

గుటక్...

ఇంజనైతే దడదడలాడుతుంది. గేదె అయితే జుర్రుతుంది. ఇది గుటక. గొంతులోంచి నిదానంగా దిగే గుటక. టార్చి వేశాను. నీటిమట్టం తెలియడానికి పాతిన రాయి మీద ఎర్రగీతలు ఉంటాయి. గుటక పడింది... ఒక గీత బయటపడింది. మళ్లీ గుటక... దాని కింది గీత. నీటి మీద అల లేదు. సుడి లేదు. వెలుగు గట్టంతా తిప్పాను. పైపు లేదు. మనిషి లేడు.

భయమేసింది. అయినా నాలో కోపం చావలేదు. అలవాటు కొద్దీ కావలికేక వేశాను. కాయ మీదున్న రోజుల్లో మా తోటల్లో కావలివాళ్లు వేసుకునే కేక అది. ఒకడు వేస్తే పక్క తోటవాడు పలుకుతాడు. నేనూ మేలుకునే ఉన్నాను అని దానర్థం.

"ఓ... హోయ్."

"ఓ... హోయ్."

పలికింది. ప్రాణం లేచొచ్చింది. ఇటుపక్క తోటలో ఏటా కావలుండే డానియేలే అనుకున్నాను. "డానియేలూ, ఇటు రా, ఎవడో నీళ్లు తోడేస్తున్నాడు" అన్నాను.

ఆ తోటవైపు తిరిగాను.

అప్పుడు... అప్పుడు గుర్తొచ్చింది. కోతలు ఎప్పుడో అయిపోయాయి. కావలి గుడిసెలు పీకేశారు. డానియేలు హనుమాన్ జంక్షన్‌లో కూతురింట్లో ఉన్నాడు. అయినా ఆ పలుకు పక్క తోటలోంచి రాలేదు.

కిందనుంచి వచ్చింది.

టార్చి ఎక్కడ పడేశానో తెలియదు. పరుగెత్తాను.

డానియేలు ఊరికి తిరిగొచ్చాక చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "అన్నా... కేక కట్టేశావా?" అన్నాడు.

అప్పటిదాకా ఆ సంగతే మర్చిపోయాను. అదొక కట్టుబాటు. అవతలివాడు పలికాక, కేక వేసినవాడు మళ్లీ ఒకసారి వేసి కట్టెయ్యాలి. కట్టెయ్యకపోతే వీడికేదో ఆపద వచ్చిందని పలికినవాడు లేచి వస్తాడు. వచ్చి తీరాలి.

"లేదు" అన్నాను.

"అయితే అది బయల్దేరే ఉంటది" అన్నాడు. తెచ్చిన టీ తాగకుండానే వెళ్లిపోయాడు.

ఆ వారంలోనే బోరు లేచింది. చల్లటి, తేట నీరు. పంచాయతీ ప్రెసిడెంటు వచ్చి నన్ను కుంట పక్కన నిలబెట్టి ఫోటో తీయించాడు. చూశారా, మా పథకం అన్నాడు. సాయంత్రం కరెంటు పోయి మోటారు ఆగాక బోరు గొట్టంలోంచి ఏం వినపడుతుందో ఆయనకేం తెలుసు?

"ఓ... హోయ్."

రోజుకు కొంచెం పైనుంచి.

కుర్రాళ్లు ఫోనేదైనా దాచారేమోనని మోటారు షెడ్డంతా వెతికాను. గొట్టంలోకి కొత్త టార్చి వేసి చూశాను. కాంట్రాక్టరు మనుషుల వెంట తిరిగాను. ఏమీ దొరకలేదు. వాడి మోసమే అయితే ఎంత బాగుండునో... పుట్టి ఇన్నేళ్లకు మొదటిసారి అలా అనిపించింది.

"ఒక్క కేక వేసి కట్టెయ్యి అన్నా, వెనక్కి పోతది" అంటాడు డానియేలు. పోతుంది సరే. నీళ్లు కూడా దాంతోపాటే పోతే?

నిన్న అది గొట్టం అంచు దగ్గరే పలికినట్టుంది. కేక కట్టేద్దామని నోరు తెరిచాను. తలెత్తి చూస్తే, ఎండిన కొమ్మలకు ఎర్రగా చిగురు.

నోరు మూసుకుని ఇంటికొచ్చేశాను.